ఆరు శాతం

వాల్పరైసోలో పొద్దున్నే
సముద్రం మీంచి మంచు లేచి
ముందు ఓడల్ని, తర్వాత క్రేన్లని,
చివరికి మా కిటికీని చెరిపేస్తుంది.
చెరపదు, అంటుంది ఇస్మేనియా.
కప్పుతుంది, అంతే.
మధ్యాహ్నానికి అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, చూడు.

పనిలో చేరిన మొదటి వారం
నేనన్నీ ఒకే పొర మీద వేశాను:
ఆకాశం, రేకు గోడలు, అక్షరాలు, ఒక పిల్లి.
పిల్లిని కాస్త పక్కకి జరపబోతే
గోడకి పిల్లంత చిల్లు పడింది.
ఆవిడ నవ్వలేదు. టీలో చెంచా తిప్పుతూ
"బొమ్మ వెయ్యలేదు నువ్వు, మూట కట్టావు" అంది.

విప్పడం నేర్పింది.
దేని పొర దానికే. ప్రతి పొరకీ ఒక పేరు.
లేయర్ పదిహేడు అని వదిలేశావో
రేపు నీ బొమ్మలో నువ్వే తప్పిపోతావు.
నీడని వస్తువుకి అతికించకు, కింద విడిగా పరు,
ఎండ మారితే అది నడవాలి కదా.
నచ్చనిదాన్ని తుడిచెయ్యకు, మాస్క్ వెయ్యి.
నలుపు పూస్తే మాయమవుతుంది
తెలుపు పూస్తే తిరిగొస్తుంది
మధ్యలో బూడిద రంగు ఉందే,
దానికి మాత్రం ఓపిక కావాలి.

ఇక్కడి భాషలో పొరన్నా
భుజాల మీద కప్పుకునే అంగీ అన్నా ఒకటే మాట.
కొండ మీది ఇళ్ళని చూస్తే నిజమే అనిపిస్తుంది.
ఓడలకి పూయగా మిగిలిన రంగులు కప్పుకున్న రేకులు.
పసుపు పెచ్చులూడితే ఆకుపచ్చ,
దాని కింద ఎవరి పెళ్ళినాటిదో గులాబీ.
ఆవిడ ఆ పెచ్చుల ఫోటోలు తీసుకొచ్చి
మల్టిప్లైలో పెట్టి
నా చదును నీలం మీద పరిచేది.
అట్టముక్కలా ఉన్న నీలం
చూస్తుండగానే ఉప్పుగాలి తిన్న గోడ అయిపోయేది.

ఆగిపోయిన కొండ లిఫ్టు మళ్ళీ నడుస్తుందని
పోస్టరు పని మాకొచ్చింది.
పాత ఫోటోలో, చక్రం పక్కన, ఎవరిస్తో.
నలభై ఒక్క ఏళ్ళు అదే చెక్కపలక మీద నిలబడి
పలకని తన పాదాల ఆకారంలో అరగదీసిన మనిషి.
మునిసిపాలిటీ నుంచి ఉర్కిసా ఫోను:
"అంతా బాగుంది. ముసలాయన వద్దు. కొత్తగా కనపడాలి."
ఇస్మేనియా సరే అంది.
ఆ సరే నాకు గొంతు దిగలేదు.
రెండు రోజులు ఒకే బల్ల దగ్గర
ఇద్దరం మాటల్లేకుండా టీ తాగాం.

పొర పక్కన చిన్న కన్ను బొమ్మ ఉంటుంది.
నొక్కితే కన్ను మూసుకుంటుంది, మనిషి ఉండడు.
ఆవిడ నొక్కింది. చూసింది. మళ్ళీ నొక్కింది.
వంద నుంచి మెల్లగా కిందికి లాగింది,
అరవై
ఇరవై
పన్నెండు
ఆరు దగ్గర వేలు ఆగింది.
తర్వాత పొరలన్నీ కలిపేసి,
ఇక ఎవరూ విడదీయలేనట్టు ఒక్కటి చేసి
ప్రెస్సుకి పంపింది.

నాలుగో రోజు మళ్ళీ ఉర్కిసా.
"చక్రం దగ్గర మరకలా ఏమిటది? పొరపాటా?"
"మంచండీ. మన ఊళ్ళో ఉండేదేగా."
ఫోను పెట్టేశాక ఆవిడ అబద్ధం ఆడిందనుకుని
అసలు ఫైలు తెరిచాను.
నూట ముప్ఫై పొరలు, అన్నిటికీ పేర్లున్నాయి.
ఎవరిస్తో ఉన్న పొర పేరు, నిజంగానే, మంచు.

లిఫ్టు మొదలైన రోజు
ఎవరిస్తో కూతురు నోర్బెర్తా
చేపల బకెట్టు కింద పెట్టి పోస్టరు ముందు ఆగింది.
అద్దం మీద ఆవిరిని తుడిచినట్టు
మోచేతి గుడ్డతో చక్రం పక్కన ఒకసారి తుడిచింది.
పోలేదు.
ముఖం దగ్గరగా పెట్టి చూసింది.
వెనక వరసలో జనం తోసుకుంటున్నారు,
గంట మోగింది, పెట్టె కదిలింది.
ఆమె రెండోసారి తుడవలేదు.